నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

పోయినవారం మనం నాగూర్ వలిని పెరట్లో పళ్ళు తోముకుంటుండగా వదిలేశాం. పాపం, ఇంకా తోముకుంటూనే ఉన్నాడు.

పొద్దుటి నుంచి ఇది మూడోసారి. మొదట పేస్టుతో తోమాడు, తర్వాత వేపపుల్లతో, ఇప్పుడు ఉప్పూ పసుపూ కలిపి వేలితో. చిగుళ్ళు మండుతున్నాయి, ఉమ్మితే ఎర్రగా పడుతోంది, అయినా ఆపడం లేదు. ఎందుకంటే పదకొండింటికి వేటపాలెం నుంచి భార్య నజ్మీన్ అన్న సాదిక్ వస్తున్నాడు. వచ్చి చెల్లెల్ని తీసుకుపోతాడు. పుట్టింట్లో నాలుగు రోజులుండి తిరిగొచ్చే ప్రయాణం కాదు ఇది. శుక్రవారం నమాజు అయ్యాక పెద్దల్లో పెట్టి ఏదో ఒకటి తేల్చేసుకుందామని అన్నాచెల్లెళ్ళు ఫోన్లో అనుకున్నారట. ఆ సంగతి నిన్న సాయంత్రం తల్లి మాబూబీ అతని చెవిన వేసింది.

“ఆ పిల్ల గడప దాటిందంటే మళ్ళీ రాదురా వలీ. కొట్టావా అంటే కొట్టలేదు, తిట్టావా అంటే తిట్టలేదు. అసలు మాట్లాడితేగా! నిఖా అయ్యి మూడు నెలలు. మీ ఇద్దరి మధ్యా కబుర్లు మొయ్యలేక నా కాళ్ళు పడిపోతున్నాయి. రేపు వాళ్ళన్న వచ్చేలోపు నోరు తెరిచి ఏదో ఒకటి చెప్పు ఆ పిల్లకి,” అంది.

నోరు తెరవమంది. లోకంలో ఇన్ని పనులుండగా అతని వల్ల కాని పని ఒక్కటుంటే సరిగ్గా అదే చెప్పింది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం ఒక్క ముక్క. నాగూర్ వలికి తన నోరు కంపు కొడుతుందని నమ్మకం. ఆరేళ్ళుగా పెంచి పోషించుకుంటున్న నమ్మకం. చొక్కా జేబులో లవంగాలు, లాగు జేబులో యాలకులు, సంచిలో పుదీనా బిళ్ళలు. ఎవరితో మాట్లాడాలన్నా చెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం వెళ్ళిపోతుంది. అతను చేసేది గుంటూరు మిర్చి యార్డులో, యలమందయ్య గారి కమీషన్ కొట్లో. కొనేవాళ్ళు వస్తే మిరపకాయల టిక్కీల, అంటే గోనె బస్తాల, మూతి విప్పి, దోసెడు కాయలు తీసి, రంగూ తొడిమా చూపించే పని. యార్డులో దుమ్ముకి అందరూ మూతికి తుండుగుడ్డ చుట్టుకుంటారు కాబట్టి పొద్దస్తమానం అక్కడ అతనికి హాయి. చిక్కంతా ఇంటికొచ్చాకే.

చిత్రమేమిటంటే కొట్టు యజమాని యలమందయ్య గారు రోజూ పరగడుపున నాలుగు పచ్చి వెల్లుల్లి రేకలు నమిలి, వాటి మీద ఖైనీ వేసుకుని, మనిషి మొహంలో మొహం పెట్టి గానీ మాట్లాడరు. ఆయన ‘ఏవయ్యా’ అన్నారంటే అవతలివాళ్ళు ఊపిరి బిగబడతారు. పాపం ఆయన మాత్రం తన మాటకి జనం అంత గౌరవమిస్తున్నారనుకుని ఇంకొంచెం దగ్గరికి జరుగుతారు. తన నోటి సంగతి ఆయనకి ఎన్నడూ తట్టలేదు. మనవాడికి తన నోటి సంగతి తప్ప ఇంకోటి తట్టదు.

పోయిన నెల ఎవరికీ చెప్పకుండా బ్రాడీపేటలో పళ్ళ డాక్టరు శ్రీరమ్య గారి దగ్గరికి వెళ్ళొచ్చాడు కూడా. ఆవిడ పళ్ళన్నీ చూసి, “మీకేం లేదండీ, చిగుళ్ళు శుభ్రంగా ఉన్నాయి. తోముడు కొంచెం తగ్గించండి, అరిగిపోతున్నాయి,” అన్నారు. మూతికి మాస్కు కట్టుకుని ఉన్న మనిషికి వాసనేం తెలుస్తుందని మనవాడి అనుమానం. అది కనిపెట్టి ఆవిడ మాస్కు తీసి, “ఇలా నా మొహం మీద ఊదండి,” అన్నారు. అంతే, కుర్చీ దిగి పారిపోయి వచ్చాడు. “లేనిది ఉందనుకునేవాళ్ళే వెతుక్కుంటూ వస్తారండీ. నిజంగా ఉన్నవాళ్ళని వాళ్ళ ఇంట్లోవాళ్ళు లాక్కురావాలి,” అని వెనకనుంచి ఆవిడ అంటున్న మాట మెట్లు దిగుతూ విన్నాడు గానీ చెవికెక్కించుకోలేదు.

సరే, పెరట్లోకి వద్దాం. నాగూర్ వలి నోరు పుక్కిలించి, అరచెయ్యి నోటి ముందు దొప్పలా పట్టుకుని గట్టిగా ఊది, వాసన చూసుకున్నాడు. ముక్కు చుర్రుమంది. కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఎన్నిసార్లు తోమినా ఇంతే. ఇలాంటి నోరు పెట్టుకుని ఆ పిల్ల దగ్గర కూర్చుని ఏం చెప్పాలి?

“నేను పాలకి వెళ్తున్నా. గంట పడుతుంది,” అని మాబూబీ వీధిగుమ్మంలోంచి కేకేసింది. పొద్దున్నే పోయించుకున్న పాలు పొయ్యి మీద అప్పటికే కాగి ఉన్నాయి. అయినా వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్ళింది.

నాగూర్ వలి భుజం మీది తుండుగుడ్డ తీసి మూతి తుడుచుకున్నాడు. తుడుచుకున్న గుడ్డని అలాగే మూతి మీద ఉంచుకుని లోపలికి వచ్చాడు.

ముందుగదిలో చాప మీద నజ్మీన్ కూర్చుని ఉంది. పక్కన జిప్పు వేసిన బ్యాగు. లేతపచ్చ చుడీదారు వేసుకుంది. చేతులు రెండూ ఎప్పటిలాగే చున్నీ కింద దాచుకుంది. ఏడ్చి ఏడ్చి ఇంక ఏడవడం అయిపోయిన మొహం.

“కూర్చోండి,” అంది.

అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఆరడుగుల దూరం. అతని లెక్కలో అది కనీసం ఉండాల్సిన దూరం.

“సరే, నిలబడండి. ఒక్క మాట అడుగుతాను. దానికి నిజం చెప్తే చాలు. ఏ గొడవా లేకుండా అన్నతో వెళ్ళిపోతాను. పెద్దల్లో కూడా మీ గురించి చెడ్డగా ఒక్క ముక్క అనను. ఖురాన్ మీద ఒట్టు.”

అతను తలూపాడు.

“నా చేతులే కదా?”

నాగూర్ వలికి అర్థం కాలేదు. “ఏ చేతులు?” అన్నాడు గుడ్డ వెనకనుంచి.

“తెలియనట్టు మాట్లాడకండి. ఈ చేతులు!” అని నజ్మీన్ చున్నీ తీసేసి రెండు చేతులూ ముందుకు చాపింది.

ఈ మూడు నెలల్లో అతను ఆ చేతుల్ని సరిగ్గా చూసింది లేదు. చూడాలంటే దగ్గరికి వెళ్ళాలి కదా. నజ్మీన్ పందొమ్మిదో ఏటి నుంచి పెళ్ళయ్యేదాకా వేటపాలెంలో జీడిపప్పు పనిలో ఉంది. గింజ పగలగొట్టి పప్పు తీసేటప్పుడు పైతొక్కలోంచి జీడి కారుతుంది. ఆముదం ఎంత పట్టించుకున్నా అది వేళ్ళకి అంటి చర్మాన్ని కాల్చేస్తుంది. ఆమె వేలికొసలు నల్లబడి, పొరలు పొరలుగా ఊడి ఉన్నాయి. అది పాత సంగతి. దాని మీద కొత్తగా పగుళ్ళు. అరచేతుల నిండా ఎర్రటి చీలికలు. రెండు చోట్ల నెత్తురు చిమ్మి ఎండిపోయింది.

“మొదటి రోజు గదిలో మీరు నా చేతులు చూశారు. గోరింటాకు వేళ్ళ చివర పట్టలేదు, నల్లగా అలాగే ఉన్నాయి. చూడగానే లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. మళ్ళీ మంచం దగ్గరికి రాలేదు. మర్నాటి నుంచీ నేను అన్నం పెడితే పళ్ళెం లాక్కుని దూరంగా పోయి తింటారు. మంచినీళ్ళు ఇస్తే మొహం అటు తిప్పుకుంటారు. జీడి వాసన మీకు పడదేమోనని నిమ్మతొక్కలతో రుద్దాను, చింతపండుతో రుద్దాను. చివరికి బ్లీచింగ్ పొడి కూడా వేసి రుద్దాను. ఇంకేం చెయ్యను? కోసుకోలేనుగా!”

నాగూర్ వలి మొదటిసారి ఆ అరచేతుల్ని పరకాయించి చూశాడు. ఆ చీలికలన్నీ తను పెట్టినవే. ఒక్క మాట కూడా అనకుండా, వేలు కూడా తాకించకుండా తను పెట్టినవి. అతనికి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

“నేను నీ చేతులు చూడనేలేదు,” అన్నాడు.

“అబద్ధం.”

“అమ్మ మీద ఒట్టు నజ్మీన్. చూడలేదు. నువ్వు... నువ్వు దగ్గావు.”

“దగ్గానా?”

“నేను వచ్చి పక్కన కూర్చున్నా. పేరు పెట్టి పిలిచా. అంతే, నువ్వు దగ్గావు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మొహం తిప్పేసుకున్నావు. నీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు లేచిపోయా.”

“దగ్గితే లేచిపోతారా ఎవరైనా?”

పదకొండు అవడానికి ఇంకెంతో లేదు. ఎలాగూ వెళ్ళిపోయే మనిషి. వెళ్ళిపోయేముందు ఆ చేతుల తప్పేం లేదని తెలిస్తే చాలు.

“నా నోరు కంపు,” అన్నాడు.

ఆరేళ్ళలో ఇంట్లో ఒకరితో ఆ మాట అనడం ఇదే మొదలు. అని, తల దించేసుకున్నాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు. లేకపోతే చీదరించుకుంటుంది. నజ్మీన్ రెండూ చెయ్యలేదు. కళ్ళు చికిలించి అతని వంక చూసింది.

“ఎవరన్నారు?”

“అనడమెందుకు? తెలుస్తుందిగా.”

“ఎవరో ఒకరు అని ఉండాలిగా. ఎవరన్నారు?”

అప్పుడు చెప్పాడు. ఆరేళ్ళ కిందట చిలకలూరిపేటలో ఒక సంబంధం. పిల్లని చూడ్డానికి వెళ్ళాడు. ఎదురుగా కూర్చుని నోరు విప్పి ‘ఏం చదువుకున్నారు’ అన్నాడో లేదో, ఆ పిల్ల చున్నీ ముక్కుకి అదిమిపెట్టుకుని లోపలికి పరిగెత్తింది. వాళ్ళ పెద్దాయన కిటికీలు తెరిపించాడు. మర్నాడు మధ్యవర్తి వచ్చి, ‘అబ్బాయి పక్కన కూర్చోలేకపోయారంట’ అన్నాడు. అప్పటి నుంచీ చూస్తున్నాడు. బస్సులో తను పక్కన కూర్చుంటే మనుషులు కిటికీ అద్దం జరుపుతారు. మందుల కొట్టులో తను నోరు తెరిస్తే కుర్రది తుమ్ముతుంది. పిల్లలైతే మొహం మీదే ముక్కు మూసుకుంటారు. రంజాన్ నెల ఒక్కటే అతనికి కాస్త తెరిపి. ఒక్కపొద్దులో ఉన్నాడు కాబట్టి మాట్లాడట్లేదని జనం సరిపెట్టుకుంటారు.

నజ్మీన్ అంతా విన్నాక నెమ్మదిగా అడిగింది.

“చిలకలూరిపేట ఏ నెలలో వెళ్ళారు?”

“మార్చిలో.”

“ఇంటి నుంచి వెళ్ళారా, యార్డు నుంచా?”

“యార్డు నుంచే. సీజనుగా, యలమందయ్య గారు సెలవివ్వలేదు. బాగా ఘాటుండే తేజ రకం కాయల లోడు చూపించేసి నేరుగా బస్సెక్కా.”

“ఆ బట్టలతోనే?”

“చొక్కా మార్చుకున్నాలే కొట్లో.”

“తలస్నానం?”

“లేదు. టైమెక్కడుంది?”

“బస్సుల్లో పక్కవాళ్ళు అద్దాలు జరపడం... అదీ యార్డు నుంచి వచ్చేటప్పుడేనా?”

“ఇంకెప్పుడు ఎక్కుతా బస్సు?”

నజ్మీన్ రెండు చేతులతో తల పట్టుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని నాగూర్ వలి రెండడుగులు ముందుకు వేశాడు. తల ఎత్తింది. నవ్వుతోంది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

“ఏవండీ, మీకు నిజంగా తెలియదా? మీరు ఇంటికొస్తే ముందు ఘాటు వస్తుంది, వెనకాల మీరొస్తారు. జుట్టులో మిరప, చొక్కాలో మిరప, చెవుల వెనక మిరప. మీ చొక్కాలు నేను ఎక్కడ ఉతుకుతానో ఎప్పుడైనా చూశారా? పెరటి చివర, మూతికి గుడ్డ కట్టుకుని! ఎండు కాయ గుండ మొహాన కొడితే చిలకలూరిపేట పిల్లేంటి, ఏ ఊరి పిల్లయినా పరిగెడుతుంది.”

“అది... మాకెవరికీ అనిపించదే.”

“మీకెందుకు అనిపిస్తుంది? మీ అమ్మ మిరపకాయల తొడిమలు తీసి పెంచింది మిమ్మల్ని. యార్డులో వాళ్ళ ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. నేను వేటపాలెం దాన్ని. నాకు తెలుస్తుంది.”

“మరి మొదటి రోజు? ఆ రోజు నేను యార్డుకి వెళ్ళలేదు. పెళ్ళికొడుకుని. రెండుసార్లు తలంటు పోశారు.”

“రండి ఇలా,” అని లేచి ఆమె గదిలోకి నడిచింది. వంగి మంచం దుప్పటి పైకి ఎత్తింది. “ఏంటివి?”

మంచం కింద రెండు టిక్కీలున్నాయి. పెళ్ళి వంటల కారానికని తెచ్చి, మిగిలిపోతే ఏడాది కారానికి పనికొస్తాయని మాబూబీ అక్కడ దాచినవి. ఒకదాని మూతి సగం విప్పి ఉంది. ఆ ఇంట్లో అవి ఉన్నట్టు కూడా ఎవరికీ గుర్తు లేదు. వేరే ఇళ్ళల్లో మంచాల కింద ట్రంకుపెట్టెలున్నట్టు వాళ్ళింట్లో టిక్కీలుంటాయి.

“కొత్త పెళ్ళికూతుర్ని తీసుకొచ్చి రెండు టిక్కీల తేజ కాయల మీద కూర్చోబెట్టారు. మీరు వచ్చి ధభీమని పక్కన కూర్చున్నారు. మంచం కుంగి గుండ లేచింది. దగ్గక ఏం చెయ్యను, పాట పాడనా?”

నాగూర్ వలి టిక్కీల వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

“మరి అప్పుడే చెప్పొచ్చుగా!”

“ఎవరితో చెప్పను? ఇంట్లో అందరూ హాయిగా తిరుగుతున్నారు, నేనొక్కదాన్నే దగ్గుతున్నా. పిల్లకేదో ఛాతీ జబ్బుంది, దాచిపెట్టి అంటగట్టారంటారని భయం. నెల పట్టింది నాకు దగ్గు ఆగడానికి. వస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకునేదాన్ని.”

ఆ కొంగు కుక్కుకోవడాలన్నీ అతను చూశాడు. ప్రతిసారీ ఇంకో అడుగు దూరం జరిగాడు. ఇప్పుడు అవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అయినా ఆరేళ్ళ నమ్మకం అంత తేలిగ్గా వదులుతుందా?

“నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ నేను నా అరచేతిలో ఊదుకుని చూసుకుంటానుగా రోజూ. ఇప్పుడు కూడా చూశా. ముక్కు మండిపోయింది.”

“ఏ చేత్తో?”

అతను కుడి చెయ్యి చూపించాడు. రోజుకి నూటయాభై టిక్కీల్లో మునిగి తేలే చెయ్యి. గోళ్ళ కింద ఎరుపు ఆదివారాలు కూడా పోదు.

నజ్మీన్ ఆ గోళ్ళ వంక చూసి కనుబొమలు ఎగరేసింది. అతనికే అర్థమైంది. కాసేపు తన చేతిని తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“ఇందులో ఊదండి,” అని ఆమె తన అరచెయ్యి చాపింది. చాపాక ఆ చెయ్యి ఎలా ఉందో గుర్తొచ్చినట్టు చటక్కున వెనక్కి తీసుకోబోయింది. అతను వదల్లేదు. వేళ్ళు పట్టుకున్నాడు.

“స్స్!” అంటూ నజ్మీన్ మొహం చిట్లించింది.

అతను వెంటనే వదిలేసి గోడ దాకా వెనక్కి పోయాడు. చెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది.

“మళ్ళీ మొదలుపెట్టారా! నోరు కాదు స్వామీ, మీ వేళ్ళు! పగుళ్ళకి కారం తగిలి మంట పుట్టింది. నేను స్స్ అంటే ఎందుకన్నావని అడగండి. మీ అంతట మీరు ఏదేదో అనుకుని వెనక్కి పోకండి. రండి. ముట్టుకోకుండా ఊదండి.”

అతను వచ్చాడు. గుడ్డ తీశాడు. ఆమె చాపిన అరచేతి మీదికి వంగి, ఆరేళ్ళుగా ఎవరి వైపూ వదలని ఊపిరిని వదిలాడు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు.

ఆమె చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. కానీ దానితో సరిపెట్టుకోలేదు. అతని మొహానికి జానెడు దూరంలోకి వచ్చి, “ఇప్పుడు నా పేరు పిలవండి,” అంది.

“నజ్మీన్,” అన్నాడు.

“ఇంకోసారి.”

“నజ్మీన్.”

ఆమె కాసేపు ఆలోచించింది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసే మనిషిలా చాలా శ్రద్ధగా ఆలోచించింది.

“లవంగం. పసుపు. కొంచెం నెత్తురు వాసన, చిగుళ్ళు తోలు తీసేసుకున్నారుగా. వీటన్నిటి అడుగున మామూలు మనిషి నోరు. పొద్దున లేస్తే నాకూ వస్తుంది ఆ వాసన, మా నాన్నకీ వచ్చేది.”

“నన్ను ఓదార్చడానికి అంటున్నావు.”

“ఓదార్చే మొహమా ఇది? బ్యాగు సర్దుకుని కూర్చున్నదాన్ని. కంపయితే కంపని చెప్పి హాయిగా బండెక్కుతా. నాకేం మొహమాటం?”

ఆ మాట మాత్రం సూటిగా వెళ్ళి అతని గుండెలో కూర్చుంది. వెళ్ళిపోయేవాళ్ళకి అబద్ధంతో పనేముంది? డాక్టరు చెప్తే నమ్మనివాడు, బ్యాగు సర్దుకున్న పెళ్ళాం చెప్తే నమ్మాడు. మంచం మీద అలాగే కూలబడ్డాడు. మంచం కుంగి టిక్కీలోంచి గుండ లేచి అతని చొక్కా మీద పడింది. ఇద్దరూ ఒకేసారి దగ్గారు.

“ఆరేళ్ళలో ఒక్కరినైనా అడిగారా, ఎందుకు ముక్కు మూసుకున్నారని?” అంది నజ్మీన్ పక్కన కూర్చుంటూ.

“అలాంటిది ఎలా అడుగుతాం? ఇవాళ్టిదాకా నువ్వు అడిగావా, నా చేతుల వల్లేనా అని?”

ఆమె కళ్ళు తుడుచుకుంది. అతను ఇందాక పట్టుకున్న వేళ్ళతోనే తుడుచుకుంది పాపం. మరుక్షణం “అమ్మా!” అని కేకపెట్టింది. అతను పరిగెత్తుకెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు, కొబ్బరినూనె సీసా తెచ్చాడు. సీసా మూత తీసి ఇచ్చి, తను ముట్టుకోకుండా పక్కన కూర్చున్నాడు. ఆమె పగుళ్ళకి నూనె రాసుకుంటుంటే, ఏ వేలికి ఇంకా రాయాలో చూపిస్తూ, మూడు నెలల నుంచి దాచుకున్న కబుర్లు ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు. పెద్దవేం కావు. ఆమె వండిన చింతచిగురు పప్పు తనకెంత నచ్చిందో, ఆమె పెరట్లో బట్టలారేస్తుంటే కిటికీలోంచి ఎన్నిసార్లు చూశాడో, అలాంటివి. ఆమె వింటూ ఉంది. చెయ్యి నోటికి అడ్డం లేకుండా అతని మొహం చూడ్డం ఆమెకి ఇదే మొదలు. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న గుంట పడుతుందని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

వీధిలో బండి ఆగింది.

పదకొండుకి ఇంకా పది నిమిషాలుంది. సాదిక్ ఆరడుగుల మనిషి. తలుపు తోసుకుని చెప్పులతోనే లోపలికి వచ్చాడు. “సర్దుకున్నావా?” అన్నాడు చెల్లెలితో.

నజ్మీన్ ముందుగదిలోకి వచ్చింది. వెనకాలే నాగూర్ వలి వచ్చాడు. “నేను రావట్లేదన్నా,” అంది.

సాదిక్ ఆమె మొహం చూశాడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, రెప్పలు వాచి ఉన్నాయి. చేతులు చూశాడు.

“ఏం చేశారు నిన్ను?”

“ఎవరూ ఏం చెయ్యలేదు. కళ్ళల్లో కారం పడింది, అంతే.”

“కారం పడిందా, కొట్టారా? మూడు నెలలు ఫోన్లో ఏడ్చినదానివి. నిన్న కూడా ఏడ్చావు. గంటలో మారిపోయావా?”

“అన్నా, నిజంగా...”

“నువ్వుండు. నీ మాట వద్దు నాకు. ఆయన చెప్పాలి,” అని సాదిక్ నాగూర్ వలి వైపు తిరిగాడు. “బావా, ఇన్నాళ్ళలో నీ గొంతు నేను వినలేదు. నిఖా రోజు ‘ఖుబూల్’ అని ఒప్పుకున్న మాట కూడా ఖాజీ గారు మూడుసార్లు అడిగితే గానీ వినపడలేదు. ఇవాళ వింటా. రా, నా ఎదురుగా నిలబడి చెప్పు. మా చెల్లెలంటే నీకిష్టం ఉందా లేదా? నీ మాటలో నిజం ఉందనిపిస్తే ఒక్కణ్ణే వెళ్ళిపోతా. లేదనిపిస్తే దాన్ని ఎక్కించుకుని వెళ్తా. శుక్రవారం పెద్దల్లోనే మాట్లాడుకుందాం.”

నజ్మీన్ భర్త వంక చూసింది. ఇక్కడ తను చెయ్యగలిగిందేమీ లేదు.

నాగూర్ వలి నడిచాడు. ఆరడుగుల దూరం నాలుగైంది. నాలుగు రెండైంది. సాదిక్‌కి చేతికందేంత దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు. తుండుగుడ్డ గదిలోనే ఉండిపోయింది. అతని చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి.

“సాదిక్ బావా, నీ చెల్లెలంటే నాకు ప్రాణం. తప్పంతా నాది. తను ఈ ఇల్లు వదిలిపెట్టి పోతే నేను బతకలేను.”

అలవాటు లేని గొంతు కదా, కాస్త పెద్దగానే వచ్చింది.

సాదిక్ ఒక అడుగు వెనక్కి వేశాడు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

నాగూర్ వలి గబగబా లెక్కలేసుకున్నాడు. ఇవాళ యార్డు లేదు. తలస్నానం చేశాడు. ఒంటి మీద ఉతికిన చొక్కా ఉంది. టిక్కీలు లోపలి గదిలో ఉన్నాయి. మరి? ఆమె మొహమాటానికే అలా అందా? నజ్మీన్ వంక తిరిగి చూశాడు. ఆమె మొహం కూడా పాలిపోయింది. అన్న ఎందుకలా చేశాడో ఆమెకీ తెలియలేదు.

ఇంకోరోజైతే ఈపాటికి అతను పెరటి గుమ్మం దాటేసేవాడు. కాళ్ళు అటే లాగుతున్నాయి. అయినా కదల్లేదు. సాదిక్ కళ్ళల్లోకి చూశాడు.

“బావా, ఎందుకు ముక్కు మూసుకున్నావు?”

ఒక మనిషిని ఆ మాట అడగడం అతని జీవితంలో అదే మొదటిసారి.

సాదిక్ రుమాలు తీశాడు. చెల్లెలి వంక చూశాడు, మళ్ళీ బావ వంక చూశాడు.

“ఉన్నమాట చెప్తే ఏమీ అనుకోవుగా?” అన్నాడు.

“అనుకోను. చెప్పు,” అన్నాడు నాగూర్ వలి. అని, ఒక అడుగు ముందుకు వేశాడు.